లాఠీకి కోటా ఉంది, తుపాకీకి లేదు: ప్రభుత్వ కొనుగోళ్ళలో ఎస్సీ, ఎస్టీ వాటా ఎక్కడ ఆగిపోతోంది?

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర మాత్రమే కొనాల్సిన వస్తువుల జాబితా ఒకటి ఉంది. అందులో 358 వస్తువులున్నాయి. తోలు బెల్టులు, బూట్లు, ముళ్ళతీగ, చెక్క ప్యాకింగ్ పెట్టెలు అందులోనివే. లాఠీ కూడా ఉంది. అంటే పోలీసు చేతిలోని కర్రను పెద్ద కంపెనీ నుంచి కాకుండా చిన్న కార్ఖానా నుంచే కొనాలని కేంద్రం రాసిపెట్టింది. అదే పోలీసు భుజాన ఉండే తుపాకీ దగ్గరికి వచ్చేసరికి ఈ నియమం పనిచేయదు. ఎందుకు పనిచేయదో, దానివల్ల దళిత, ఆదివాసీ పారిశ్రామికులు ఏం కోల్పోతున్నారో వివరించడమే ఈ వ్యాసం పని.

సిద్దిపేట, గజ్వేల్, ములుగు, వర్గల్ వైపు లేతు మెషిన్లు, చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు పెట్టుకున్న మన పిల్లలు "డిఫెన్స్ ఆర్డర్లు మనకు వస్తాయా?" అని అడుగుతుంటారు. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబు లేదు. ముందు నియమాలు చూద్దాం.

నాలుగు శాతం కథ

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టంలో 11వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ళలో చిన్న పరిశ్రమలకు ప్రాధాన్యం ఇచ్చే విధానాన్ని కేంద్రం గానీ, రాష్ట్రం గానీ ఉత్తర్వు ద్వారా ప్రకటించవచ్చని అది చెబుతుంది. "రాష్ట్రం గానీ" అన్న మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఈ సెక్షన్ కింద కేంద్రం 2012 మార్చిలో కొనుగోలు విధానం ఉత్తర్వు తెచ్చింది. ఆ ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి కేంద్ర శాఖ, ప్రతి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఏడాదిలో కొనే సరుకులు, సేవల విలువలో 20 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి రావాలి. 2015 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. ఆ 20 శాతంలో అయిదో వంతు, అంటే మొత్తం కొనుగోళ్ళలో 4 శాతం, ఎస్సీ, ఎస్టీలు యజమానులుగా ఉన్న పరిశ్రమలకు కేటాయించారు. సొంత సంస్థ అయితే యజమాని ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి. భాగస్వామ్యంలో, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అయితే కనీసం 51 శాతం వాటా వాళ్ళ చేతిలో ఉండాలి.

2018 నవంబరులో ఈ ఉత్తర్వును సవరించి 20 శాతాన్ని 25 చేశారు. కొత్తగా మహిళా యజమానులకు 3 శాతం పెట్టారు, అది మంచిదే. ఎస్సీ, ఎస్టీల 4 శాతాన్ని మాత్రం కదపలేదు. అంటే 2012లో చిన్న పరిశ్రమల వాటాలో అయిదో వంతు మనదైతే, ఇప్పుడు అదే వాటాలో 16 శాతం మనది. కుండ పెద్దదైంది, మన గరిటె అంతే ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీ, ఎస్టీలు కలిపి నూటికి పాతిక మంది.

ఆ నాలుగు శాతమైనా అందుతోందా అంటే, లేదు. కేంద్ర సంస్థలు తమ లెక్కలు పెట్టే సంబంధ్ పోర్టల్‌లో ఎస్సీ, ఎస్టీల గడి ఏటా లక్ష్యానికి చాలా దిగువనే ఉంటోంది. చిన్న పరిశ్రమల మొత్తం గడి మాత్రం లక్ష్యాన్ని దాటిన ఏళ్ళున్నాయి. దీనికి కారణం ఉత్తర్వులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులు తీర్చలేకపోయినా, అతి తక్కువ ధరకు దిగిరాలేకపోయినా ఆ 4 శాతాన్ని మిగతా చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. ఉద్యోగాల్లో బ్యాక్‌లాగ్ పోస్టుల కోసం మనవాళ్ళు ఎంత పోరాడారో అందరికీ తెలుసు. కాంట్రాక్టుల్లో బ్యాక్‌లాగ్ అనే మాటే లేదు. ఏ ఏడాది మిగిలింది ఆ ఏడాదే పోతుంది. లక్ష్యం తప్పిన అధికారికి జరిమానా కూడా లేదు.

"వగైరా" అన్న ఒక్క మాట

ఇప్పుడు తుపాకీ సంగతి. అదే 2012 ఉత్తర్వులో రక్షణ కొనుగోళ్ళకు ప్రత్యేక నిబంధన ఉంది. అందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, విదేశాల నుంచి తెప్పించే ఆయుధాలను రక్షణ శాఖ మొత్తం కొనుగోళ్ళ లెక్కలోకి తీసుకోరు. రెండోది, ఆయుధ వ్యవస్థలు, క్షిపణులు వగైరా రక్షణ పరికరాలు ఈ విధానం పరిధిలోకే రావు.

మొదటిది శాతాన్ని అందంగా చూపించే ఉపాయం. విలువలో పెద్దవైన దిగుమతులను లెక్కలోంచి తీసేస్తే, మిగిలిన చిన్న మొత్తంలో కొంచెం కొన్నా శాతం బాగానే కనిపిస్తుంది. రెండోది ఇంకా లోతైనది. "ఆయుధ వ్యవస్థ" అంటే ఏమిటో ఉత్తర్వు నిర్వచించలేదు. "వగైరా" అన్న మాటకు హద్దు లేదు. రైఫిల్ ఆయుధమే, ఒప్పుకుందాం. మరి రైఫిల్‌కు కట్టే పట్టీ? మ్యాగజైన్‌లోని స్ప్రింగు? తుడుచుకునే కిట్టు? తూటాలు పెట్టుకునే పౌచ్? రైఫిళ్ళు సర్దే చెక్క పెట్టె? పెట్టె 358 వస్తువుల జాబితాలో ఉంది. కానీ పెట్టెతో సహా రైఫిల్ సరఫరా చేయాలని ఒకే టెండరు వేస్తే ఆ పెట్టె ఎవరిది? విడిగా కొంటే చిన్న పరిశ్రమది, కలిపి కొంటే పెద్ద కంపెనీది. ఆ నిర్ణయం కొనే అధికారి చేతిలో ఉంది.

కలిపి కొనే మొత్తాలు ఎంతో చూస్తే దీని బరువు తెలుస్తుంది. 2021 డిసెంబరులో రష్యాతో కలిసి పెట్టిన సంస్థ ద్వారా ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో 6 లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్ళు తయారు చేయించే ఒప్పందం జరిగింది. విలువ 5 వేల కోట్ల రూపాయలకు పైమాటే. 2025 డిసెంబరు చివరలో 4 లక్షల 25 వేల కార్బైన్లకు దాదాపు 2,770 కోట్లతో భారత్ ఫోర్జ్, పీఎల్ఆర్ సిస్టమ్స్ అనే రెండు ప్రైవేటు కంపెనీలతో రక్షణ శాఖ సంతకాలు చేసింది. ఈ రెండో ఒప్పందంలో ఒక పాఠం ఉంది. ఆర్డరును రెండు కంపెనీలకు 60, 40 పాళ్ళలో పంచారు. సరఫరా ఒకే చోట ఆగిపోకుండా ఇది మంచి పద్ధతే. ఆయుధాల ఆర్డరును విడగొట్టడం కుదరదనే వాదన మాత్రం దీనితో నిలబడదు. రెండు పెద్ద కంపెనీల మధ్య విడగొట్టగలిగినప్పుడు, అదే ఆర్డరు కింద కొనే విడిభాగాల్లో ఇంత శాతం ఎస్సీ, ఎస్టీ పరిశ్రమల నుంచి తీసుకోవాలని రాయడం అసాధ్యమేమీ కాదు.

నిజానికి దారి ఉత్తర్వులోనే ఉంది. పెద్ద కంపెనీలు చిన్న పరిశ్రమలకు ఇచ్చే సబ్ కాంట్రాక్టులను కూడా చిన్న పరిశ్రమల కొనుగోలుగానే లెక్కించాలని అది చెబుతుంది. ఆయుధాలను పరిధి నుంచి తప్పించడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. పెద్ద కంపెనీ మన పిల్లవాడి షెడ్డులో స్ప్రింగులు చేయించుకోవచ్చు, చేయించుకోకపోవచ్చు. ఎవరూ అడగరు, ఎవరూ లెక్కపెట్టరు.

సైన్యం పెద్ద కొనుగోళ్ళకు వాడే 2020 నాటి రక్షణ కొనుగోలు విధానం పుస్తకంలో చిన్న పరిశ్రమలకు కొన్ని వెసులుబాట్లున్నాయి. యజమాని కులం ప్రస్తావన అందులో లేదు. పైగా పరీక్షలకు నమూనా ఇచ్చే ఖర్చు తయారీదారుడిదే. పరీక్షలు ఏళ్ళ తరబడి సాగుతాయి, ఆర్డరు వస్తుందన్న హామీ ఉండదు. 2018లో 93,895 కార్బైన్లు అత్యవసరంగా కావాలని విదేశీ కంపెనీని ఎంపిక చేసి, 2020లో ఆ ప్రక్రియను రద్దు చేశారు. పెద్ద కంపెనీ అలాంటి దెబ్బను తట్టుకుంటుంది. బ్యాంకు లోనుతో షెడ్డు నడిపేవాడు మునిగిపోతాడు.

మెదక్ పేరున్న తుపాకీ

సిద్దిపేటకు ఈ పరిశ్రమ దూరపుది కాదు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా సిద్దిపేట మెదక్ జిల్లాలో భాగం. ఆ జిల్లాలోని ఎద్దుమైలారంలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, 1984లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మొదలైంది. అప్పుడు మెదక్ ఎంపీ ప్రధాని ఇందిరాగాంధీయే. అక్కడ తయారయ్యే 'సారథ్' యుద్ధ వాహనాల మీద 30 మిల్లీమీటర్ల తుపాకీ ఉంటుంది. దాన్ని మెదక్ గన్ అనే పిలుస్తారు. నౌకల మీద వాడే సీఆర్‌ఎన్-91 తుపాకీ దాని నుంచి పుట్టిందే.

అదే కాలంలో సిద్దిపేట వేరే లోక్‌సభ నియోజకవర్గం, అదీ ఎస్సీ రిజర్వుడు. జి. వెంకటస్వామి, నంది ఎల్లయ్య లాంటి వాళ్ళు ఇక్కడి నుంచే గెలిచారు. 2008 పునర్విభజనలో ఆ స్థానమే రద్దయింది, సిద్దిపేట వెళ్ళి మెదక్‌లో కలిసింది. సీటు రిజర్వుడుగా ఉన్న ఆ దశాబ్దాల్లో పక్కనే ఉన్న ఫ్యాక్టరీ సామాను ఎవరి దగ్గర కొంటోందో అడగడానికి నియమమే లేదు. నియమం వచ్చేనాటికి సీటు పోయింది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు, కానీ రాజకీయ రిజర్వేషన్ ఒక్కటే ఉంటే ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి 41 ఫ్యాక్టరీలను ఏడు ప్రభుత్వ కంపెనీల కింద పెట్టారు. మెదక్ ఫ్యాక్టరీ చెన్నై ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ కిందకు వెళ్ళింది. రైఫిళ్ళు, పిస్తోళ్ళు చేసే ఫ్యాక్టరీలు కాన్పూర్‌లోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ కిందకు, బట్టలూ బూట్లూ కుట్టేవి ట్రూప్ కంఫర్ట్స్ కిందకు వెళ్ళాయి. కార్మిక సంఘాలు దీన్ని ప్రైవేటీకరణకు తొలి మెట్టు అని వ్యతిరేకించాయి. ఆ భయం సబబే. మా చర్చకు సంబంధించిన మార్పు మరొకటి. ఈ ఏడూ ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ రంగ కంపెనీలు కాబట్టి ఒక్కొక్కటీ తన 4 శాతం లెక్క తానే చూపించాలి. ఆయుధం లెక్కలోకి రాకపోవచ్చు. ఫ్యాక్టరీ కొనే నట్లు, బోల్టులు, రబ్బరు సామాను, వైరింగు, పెయింటు, క్యాంటీన్, సెక్యూరిటీ, పారిశుద్ధ్య సేవలు ఆయుధ వ్యవస్థలు కావు. ఇక్కడ "వగైరా"ను అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు.

తోలు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సైన్యానికి బూట్లు, బెల్టులు, జీనులు, తుపాకీ పట్టీలు కావాలి. బ్రిటిష్ వాళ్ళు కాన్పూర్‌లో జీనుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు దాన్ని నడిపింది చమార్ల చేతిపని. అదే ప్రభుత్వం 1890ల నాటికి మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేసింది, వాళ్ళది "యుద్ధ జాతి" కాదని. పట్టీ కుట్టే చేతులు కావాలి, తుపాకీ పట్టే చేతులు వద్దు. ఇవాళ పట్టీ కుట్టే పనికి కోటా ఉంది, తుపాకీ చేసే పనికి లేదు. నూటపాతికేళ్ళలో గీత కొంచెం జరిగింది, చెరిగిపోలేదు.

లైసెన్సు ఎవరికి?

1956 పారిశ్రామిక విధానం ఆయుధాల తయారీని ప్రభుత్వానికే ఉంచింది. 2001లో ప్రైవేటుకు తలుపు తెరిచారు. 2016 ఆయుధ నియమాలు, 2017 అక్టోబరు సవరణలు తయారీ లైసెన్సును బాగా సులభం చేశాయి. లైసెన్సు ఇప్పుడు కంపెనీ ఉన్నంతకాలం చెల్లుతుంది. అంతకుముందు ఒక్కో తుపాకీకి 500 రూపాయల చొప్పున ఉన్న రుసుమును మొత్తంగా 5 వేల నుంచి 50 వేల మధ్యకు తగ్గించారు. అనుమతించిన సంఖ్య కంటే 15 శాతం దాకా ఎక్కువ చేసుకోవడానికి మళ్ళీ అనుమతి అక్కర్లేదు. పెట్టుబడిదారుకు సౌకర్యం కలిగించాలనుకుంటే ప్రభుత్వం నియమాలను ఎంత వేగంగా మార్చగలదో ఇది చూపిస్తుంది. అదే కాలంలో ఎస్సీ, ఎస్టీల శాతం నాలుగు దగ్గరే ఆగింది.

టెక్సాస్‌లో తలకిందులు

సిద్దిపేట నుంచి డాలస్ వెళ్ళి ఐటీ కంపెనీల్లో పనిచేసే వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. పదిమంది పూర్తికాల ఉద్యోగులున్న కంపెనీ ఏదైనా ప్రభుత్వంతో లక్ష డాలర్లు, ఆపైన కాంట్రాక్టు చేసుకోవాలంటే, తుపాకుల కంపెనీల పట్ల వివక్ష చూపబోమని రాసివ్వాలి. స్కూళ్ళలో కాల్పుల తర్వాత కొన్ని బ్యాంకులు తుపాకీ వ్యాపారులకు అప్పుల విషయంలో షరతులు పెట్టాయి. ఆ బ్యాంకులను దారికి తేవడానికే ఈ చట్టం. పెద్ద బ్యాంకులు కొన్ని అక్కడి స్థానిక ప్రభుత్వాల బాండ్ల వ్యాపారం నుంచి తప్పుకున్నాయి. దీనివల్లా, చమురు కంపెనీల కోసం తెచ్చిన జంట చట్టం వల్లా మొదటి ఎనిమిది నెలల అప్పుల మీదే 30 కోట్ల నుంచి 53 కోట్ల డాలర్ల దాకా అదనపు వడ్డీ పడిందని ఇద్దరు ఆర్థికవేత్తల అధ్యయనం లెక్కగట్టింది.

"వివక్ష" అనే మాటను కాంట్రాక్టు నియమంలోకి తెచ్చి తుపాకీ కంపెనీకి రక్షణగా నిలబెట్టిన తీరు చూడండి. మన దగ్గర తరతరాల వివక్షకు విరుగుడుగా రాసుకున్న కాంట్రాక్టు నియమం తుపాకీ కనిపించగానే పక్కకు తప్పుకుంటుంది. అలాగని అమెరికా అంతా ఒకే తీరు అనలేం. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో అణచివేతకు గురైన సమూహాల చిన్న వ్యాపారులకు 5 శాతం లక్ష్యాన్ని 1986లో అక్కడి చట్టసభ మొదట రక్షణ శాఖకే విధించింది. 2008లో ఒక ఫెడరల్ కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అప్పటికే ప్రభుత్వమంతటికీ వర్తించే మరో 5 శాతం లక్ష్యం వచ్చేసింది, పెద్ద కాంట్రాక్టర్లు తమ సబ్ కాంట్రాక్టుల ప్రణాళికలో దాన్ని చూపించాల్సి వస్తుంది. దేశ భద్రత అనే మాట అక్కడా ఉంది. దాని పేరు చెప్పి రక్షణ శాఖను లెక్క నుంచి తప్పించలేదు.

తుపాకీ డబ్బులో వాటా మనకెందుకు?

ఈ ప్రశ్న మన ఉద్యమంలోనే వస్తుంది, రావాలి కూడా. 1997 డిసెంబరు 1న బిహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది దళితులను రణవీర్ సేన కాల్చి చంపింది. 1991లో చుండూరు హత్యాకాండ తర్వాత న్యాయం అడుగుతున్న శిబిరం దగ్గర పోలీసు కాల్పుల్లో దళిత యువకుడు చనిపోయాడు. 2020 ఫిబ్రవరిలో మన సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో ఇరుగుపొరుగు గొడవలో ఏకే-47 పేలింది. అది హుస్నాబాద్ పోలీస్ స్టేషన్ నుంచి మాయమైన తుపాకీ అని తర్వాత తేలింది. ప్రభుత్వం కొన్న ప్రతి తుపాకీ ఎక్కడికి పోతుందో అడిగే హక్కు, అవసరం మనకే ఎక్కువ.

అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన 1995 నియమాల్లో మూడో నియమం దీన్ని గుర్తించింది. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతంలో అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలని, అక్రమ ఆయుధాల తయారీని అరికట్టాలని, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు ఆత్మరక్షణకు లైసెన్సులు ఇవ్వాలని అది చెబుతుంది. ఈ నియమం ఉందని తెలిసిన వాళ్ళే తక్కువ.

మా అభిప్రాయం ఇది. తుపాకులు తగ్గాలని కోరడం, తుపాకుల మీద పెట్టే ప్రజాధనంలో లెక్క అడగడం ఒకదానికొకటి అడ్డు కాదు. ఆ డబ్బు పన్నుల రూపంలో మన జేబుల నుంచి కూడా పోతోంది. ఇది మంచి వ్యాపారమా కాదా అని తేల్చుకునే అవకాశమైనా మన పారిశ్రామికుడికి ఉండాలి. నాణ్యత పేరు చెప్పి అభ్యంతరం పెడతారు, నాసిరకం తుపాకీ జవాను ప్రాణం తీస్తుందని. నిజమే. కానీ 4 శాతం నియమం నాణ్యతను ఎక్కడా సడలించలేదు. ధరను కూడా సడలించలేదు. పెద్ద కంపెనీ అతి తక్కువ ధర వేసినప్పుడు దానికి 15 శాతం లోపు ఉన్న చిన్న పరిశ్రమ ఆ ధరకు దిగివస్తేనే ఆర్డరులో కొంత భాగం ఇస్తారు.

రాష్ట్రం చేయగలిగింది, మనం అడగగలిగింది

రాష్ట్ర పోలీసులు చేసే కొనుగోళ్ళకు 2012 ఉత్తర్వు వర్తించదు. అది కేంద్ర శాఖలకే. కానీ 11వ సెక్షన్ రాష్ట్రానికీ అధికారం ఇచ్చింది. కర్ణాటక తన కొనుగోళ్ళ చట్టాన్ని సవరించి, పరిమితి లోపు విలువ ఉన్న పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు శాతాలు రాసింది. తెలంగాణ 2014లో టీ-ప్రైడ్ తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు పెట్టుబడి సబ్సిడీ ఇచ్చే పథకం అది. 2021లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చింది. అదే ఏడాది మద్యం దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. వైన్ షాపుకు కోటా రాయగలిగిన ప్రభుత్వం పోలీసు బూట్లకు, బెల్టులకు, బారికేడ్లకు, యూనిఫారాలకు కోటా రాయలేదని ఎలా అనుకుంటాం? డబ్బు ఇచ్చి ట్రాక్టరు కొనిపించడం కంటే, చేసిన సరుకును ఏటా కొంటామని రాసివ్వడం పరిశ్రమను ఎక్కువ కాలం నిలబెడుతుంది.

షెడ్డు ఉన్నవాళ్ళకు కొన్ని మాటలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో సామాజిక వర్గం గడిని తప్పక నింపాలి. అది ఖాళీగా ఉంటే మీరు అమ్మినా 4 శాతం లెక్కలోకి ఎక్కరు. చిన్న పరిశ్రమలకు టెండరు ఫారాలు ఉచితం, ధరావతు సొమ్ము కట్టనక్కర్లేదు. 2016 అక్టోబరులో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ టెండర్లు వేయడంలో సాయం చేస్తుంది. సరుకు తీసుకున్నాక రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపకూడదు. ఆపితే వడ్డీతో సహా ఇప్పించమని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళవచ్చు.

సమాచార హక్కు కింద ఏం అడగాలో కూడా రాస్తున్నాం. ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్‌ను అడగండి: గత మూడేళ్ళలో మెదక్ ఫ్యాక్టరీ మొత్తం కొనుగోళ్ళ విలువ ఎంత, అందులో ఆయుధ వ్యవస్థల పేరుతో లెక్క నుంచి తీసేసిన విలువ ఎంత, అలా తీసేసిన వస్తువుల జాబితా ఏది, మిగిలిన దానిలో ఎస్సీ, ఎస్టీ పరిశ్రమల నుంచి కొన్నది ఎంత. నాలుగు ప్రశ్నలు, పది రూపాయల రుసుము. జవాబు ఇవ్వడానికి వాళ్ళకు 30 రోజుల గడువుంది.